ఇంటి నీరు - చెన్నపురి నేర్చిన పాఠములు

ధనమును లెక్కచేయక వ్యయపరచువానిని గూర్చి "మంచినీళ్లప్రాయముగా ఖర్చుపెట్టుచున్నాడు" అనుట మన తెలుగువారి వాడుక. ఈ మాట గోదావరీ తీరముననో, కృష్ణ యొడ్డుననో పుట్టియుండవలెను గాని చెన్నపురిలో పుట్టి యుండదు. ఈ నగరమున ఒక తరమువారు కాదు, పది తరములవారు మంచినీటిని వెదకుకొనుచునే బ్రతికిరి. ఆ వెదకులాటలో తెలుగువారి పాలు మొదటినుండియు కలదు. కావున ఈ సంచికయందు చెన్నపురి నీటి చరిత్రమును, అందులో ముఖ్యముగా ఇంటింట నీటి పొదుపు ఎట్లు వచ్చినదో, ఎట్లు పోయినదో ఆ వృత్తాంతమును మాకు తెలిసినంతవరకు వ్రాయ సంకల్పించితిమి.

నీటిని పొదుపు చేయుడని చెప్పనివారు లేరు. గోడలమీద వ్రాయుదురు, బడులలో పిల్లలచేత వల్లింతురు. అయినను చెప్పుటవలన పొదుపు చేసినవారు అరుదు. మనుష్యుడు ఏ కారణమున నీటిని దాచుకొనును? దాచుకొన్నవాడు మరల ఏ కారణమున మరచును? ఈ రెండు ప్రశ్నలకును చెన్నపురి చరిత్రమున సమాధానములు దొరకును.

1639వ సంవత్సరమున దామెర్ల వేంకటప్పనాయకుని వలన ఇంగ్లీషు వర్తకులు ఈ సముద్రతీరమున కోట కట్టుకొనుటకు అనుమతి పొందిరి. ఆయన తండ్రియైన చెన్నప్పనాయకుని పేరుననే చెన్నపట్టణమను పేరు నిలిచినది. స్థలము వర్తకమునకు ఎన్నుకొనబడినదే గాని నీటికి ఎన్నుకొనబడినది కాదు. కూవము, అడయారు అను రెండు చిన్న యేరులు ఉన్నవి గాని సంవత్సరమంతయు పారు జీవనది ఒకటియు లేదు. వర్షములో పెద్దభాగము ఈశాన్యపు గాలితో అక్టోబరు మొదలు డిసెంబరు వరకు మూడు నెలలలో కురిసిపోవును. ఆ మూడు నెలల నీరు మిగిలిన తొమ్మిది నెలలకును చాలవలెను. ఊరిచుట్టు చెరువులు, ఇంటి పెరటిలో నూతులు, గుడిముందర కోనేరులు ఏర్పడుటకు కారణమిదియే.

పెరటి నూయి ఉన్న కాలమున నీటి పొదుపును ఎవ్వరును బోధింపవలసిన పని లేకుండెను. చేదయు, గిలకయు, త్రాడును ఆ పాఠమును చెప్పుచుండెను. ముప్పది అడుగుల లోతునుండి రెండు చేతులతో తోడిన బిందెడు నీటిని ఒలకబోయుటకు ఎవ్వరికిని మనసొప్పదు. మాఘమున నాలుగు బారల త్రాడు చాలిన నూతికి వైశాఖమున ఆరు బారలు కావలసివచ్చినప్పుడు ఇంటి ఇల్లాలికి ఏ కచ్చేరీవారును తెలుపనక్కరలేకయే నీరు తరుగుచున్నదని తెలియుచుండెను. బియ్యము కడిగిన నీరు కుడితిగోలెమునకు పోవును. స్నానపు నీరు అరటిపాదునకు పోవును. గిన్నెలు తోమిన నీరు గుమ్మడితీగకు చేరును. గంగాళములోని నీటిని చెంబుతో ముంచుకొని పోసికొనువాడు తానెన్ని చెంబులు వాడినదియు ఎరుగును. దీనిని ఎవ్వరును పొదుపు అని పేరు పెట్టి పిలువలేదు. అది సంసారము చేయు పద్ధతి. శ్రమయు, కంటిచూపును కలసి నేర్పిన విద్య యది.

కోటలోని వారికి మాత్రము ఉప్పునీటి బాధ తప్పలేదు. అందుచేత 1772వ సంవత్సరమున కెప్టెన్ బేకరు అను నతడు పెద్దునాయకునిపేటకు ఉత్తరమున బావులు త్రవ్వించి, అచ్చటినుండి కోటకు నీటిని గొట్టములద్వారా పంపు ఏర్పాటు చేసెను. ఆ తావునకు నేటికిని ఏడుబావులు అనియే పేరు. ఆ వీధులలో తెలుగు కోమట్ల ఇండ్లును, తెలుగు దుబాసీల ఇండ్లును అనేకములుండెను. అప్పటికింకను కోటకు గొట్టపు నీరు, ఊరికి నూతి నీరు అన్నట్లుండెను.

తరువాత ఊరు పెరిగినది. 1866లో ఫ్రేజరు అను ఇంజనీరు కొసస్థలై యేటి నీటిని తామరపాక్కము వద్ద ఆనకట్టతో మళ్లించి, చోళవరము చెరువునకును, రెడ్ హిల్సు అని వాడుకలోనున్న పుళల్ చెరువునకును చేర్చు పథకమును సిద్ధపరచెను. 1872 నాటికి ఆ నీరు మట్టికాలువగుండ కీల్పాకమునకు వచ్చి, అచ్చటినుండి పల్లమునకు పారి ఊరిలో పంచబడెను. వడపోత లేని నీరగుటచే జబ్బులు తప్పలేదు. 1914లో మ్యాడ్లీ అను ఇంజనీరు హయాములో కీల్పాకమున ఇసుక వడపోతలును, పంపులును, ఎత్తైన నీటితొట్టియు ఏర్పడినవి. మనిషికి దినమునకు 25 గ్యాలనుల లెక్కను, 1961 నాటికి రాగలరని తలచిన 6 లక్షల 60 వేల జనమునకు ఆ ఏర్పాటు చాలునని అంచనా. ఊరు ఆ అంచనాను దాటి ఎంతో ముందుకు పోయెను. 1944లో పూండి జలాశయము వచ్చెను. దానికై పాటుపడిన నగర మేయరు సత్యమూర్తిగారు అది పూర్తియగుటకు ముందే, 1943లో కీర్తిశేషులైరి. వారి పేరనే అది సత్యమూర్తి సాగరమైనది.

కుళాయి వచ్చుట మహోపకారమనుటకు సందేహము లేదు. కలరా తగ్గెను, ఆడవారి భుజములకు విశ్రాంతి కలిగెను. కాని దానితోపాటు ఒక నష్టమును కలిగెను. కుళాయి త్రిప్పువానికి నీరు ఎంత లోతున ఉన్నదో, ఏ చెరువునుండి వచ్చుచున్నదో, ఆ చెరువున ఇంకెంత మిగిలినదో కనబడదు. నూతిలో నీరు తరుగుచున్నప్పుడు మెల్లగా తరుగును. మనిషి దానికి తగినట్లు చేయి ముడుచుకొనును. కుళాయి మాత్రము నిన్నటివరకు ధారగా వచ్చి నేడు ఒక్కసారిగా ఆగిపోవును. క్రమక్రమముగా పెరటి నూతులపై మూతలు పడెను. కొన్ని చెత్తతో పూడిపోయెను. కొన్నింటిపై వంటగదులు లేచెను.

అయినను వీధికుళాయి ఉన్న పేటలలో వేరొక గురువు నిలిచి యుండెను. అది వంతు. తెల్లవారుజామున బిందెలు వరుసగా పేర్చబడును. ఒకరు రెండు బిందెలకు బదులు నాలుగు పట్టిన, వెనుకనున్న ఇరువదిమంది చూచుచుందురు. పొరుగువారి కన్నులయెదుట నీటిని పారబోయుటకు ఎంతవారికిని సిగ్గు కలుగును. వంతులలో కలహములును ఉండెననుట నిజమే. కాని నీరు తనది మాత్రమే కాదు, వీధివారందరిదియు నను జ్ఞానము ఆ వంతువలననే కలుగుచుండెను. ఇంటిలోపలి కుళాయికి ఆ వంతు లేదు, ఆ సిగ్గును లేదు.

ఇక భయము సంగతి. చెన్నపురివారు భయమువలన పొదుపు నేర్చిన కాలములు పలుమార్లు వచ్చెను. 2001 మొదలు 2003 వరకు వానలు తప్పి, చెరువులు నెర్రెలు విచ్చెను. వీధిమలుపులలో నల్లని ప్లాస్టిక్ తొట్లు వెలసెను. లారీల వెంట రంగురంగుల బిందెలతో జనము పరుగెత్తిరి. ఆ దినములలో బట్టలుతికిన నీటితో నేల కడుగని ఇల్లు లేదు. ఒక్క బకెట్టుతో స్నానము ముగింపని మనిషి లేడు. కాని భయము వానవరకే. మొదటి పెద్దవాన కురిసి చెరువు నిండెనన్న వార్త పత్రికలో పడగానే ఆ నియమములన్నియు ఒక్కొక్కటిగా జారిపోయెను. దాహమైనప్పుడు బావి త్రవ్వినట్లు అని మన పెద్దలు అన్నారు. దాహము తీరగానే త్రవ్విన బావిని పూడ్చుకొనుట అంతకంటె వింత.

ఇచ్చట తెలుగుగంగను గూర్చి చెప్పక తీరదు. చెన్నపురి దాహమునకై కృష్ణానదిలో తమతమ భాగములనుండి మహారాష్ట్రము, కర్ణాటకము, ఆంధ్రప్రదేశము తలా 5 టి.ఎం.సి.లు విడుచుటకు 1976లో సమ్మతించినవి. 1983 ఏప్రిలులో ఆంధ్ర, తమిళ ప్రభుత్వముల నడుమ ఒప్పందము కుదిరెను. అప్పుడు అచ్చట నందమూరి తారక రామారావుగారు, ఇచ్చట ఎం.జి. రామచంద్రన్‌గారు ముఖ్యమంత్రులు. శ్రీశైలమునుండి పోతిరెడ్డిపాడు, బనకచర్ల, వెలుగోడు, సోమశిల, కండలేరు మీదుగా నడచి, ఊత్తుక్కోట వద్ద సరిహద్దు దాటి, పూండికి చేరునట్టి త్రోవ అది. 1996లో మొదటిసారిగా కృష్ణమ్మ చెన్నపురికి వచ్చెను. ఇచ్చట పుట్టి పెరిగిన తెలుగువారు ఎందరో ఆ నీటిని కన్నుల కద్దుకొనిరి. పుట్టినింటి పసుపు కుంకుమ వచ్చినంత సంతోషమది.

కాని ఆ ఒప్పందములోని లెక్కను శ్రద్ధగా చదువవలెను. మొత్తము 15 టి.ఎం.సి.లలో 3 టి.ఎం.సి.లు త్రోవలోనే ఎండకు ఆవిరియై, మట్టిలో ఇంకి పోవునని ముందుగనే తగ్గించి, 12 టి.ఎం.సి.లు సరిహద్దున అప్పగింపవలెనని వ్రాసికొనిరి. అనగా అయిదు బిందెలు బయలుదేరిన నాలుగే చేరును. చాల సంవత్సరములు ఆ నాలుగును చేరలేదు. కాలువగట్లు కూలి నష్టము మిక్కుటమైనప్పుడు పుట్టపర్తి సత్యసాయిబాబాగారు 2002లో పూనుకొని కండలేరు పూండి కాలువను బాగుచేయించిరి. 2004లో నీరు మరల నిండుగా వచ్చెను. ఇంత దూరము, ఇందరి త్యాగము, ఇంత ధనము వెచ్చించి తెచ్చిన నీరు మన మేడమీది తొట్టి నిండి పొరలి వీధిలో పారుచుండగా చూచుచు ఊరకుండుట న్యాయమా? ఆ త్రోవపొడుగునను రాయలసీమ రైతులును, నెల్లూరి రైతులును అదే నీటికై ఎదురుచూచుచున్నారు. నీటి పొదుపు తెలుగువారికి చెన్నపురిలో ఒక ఋణము తీర్చుకొనుట వంటిది.

తరువాత 2004లో వీరాణము చెరువునుండి దాదాపు 235 కిలోమీటర్ల దూరము గొట్టములు వేసి నీరు తెచ్చిరి. 2010లో మీంజూరునను, 2013లో నెమ్మేలియందును సముద్రజలమును మంచినీరు చేయు యంత్రాగారములు నెలకొన్నవి. ఇవన్నియు అవసరములే. అయినను దూరపు నీరు వచ్చినకొలది దగ్గరి నీటిమీద గౌరవము తగ్గునని చరిత్రము చూపుచున్నది.

దగ్గరి నీటిని మరల జ్ఞప్తికి తెచ్చినది 2003వ సంవత్సరపు చట్టము. సముద్రపు దాపున, ఇసుక నేలలలో మంచినీరు ఉప్పునీటిపై పొరవలె తేలి యుండును. పైపొరను అతిగా తోడిన క్రిందినుండి ఉప్పు పైకి వచ్చును. 1990 దశకముననే భౌతికశాస్త్రవేత్తలైన శేఖర్ రాఘవన్‌గారు బెసంట్ నగరమున ఇంటింటికి తిరిగి, మీ డాబామీద పడిన వానను మీ నేలలోనికే ఇంకింపుడని చెప్పుచుండిరి. విన్నవారు కొద్దిమంది. 2003 జూలైలో తమిళనాడు ప్రభుత్వము ప్రతి కట్టడమునకును వాననీటి ఇంకుడు ఏర్పాటు ఉండితీరవలెనని శాసించి, ఆగస్టు ముగియువరకు గడువు పెట్టెను. చేయనివారికి కుళాయి సంబంధము తెగునని హెచ్చరించిరి. నగరమంతయు ఒక్కసారిగా గొట్టములవారి కొరకును, కంకర కొరకును పరుగెత్తెను. దండనభయముతో చేసిన పనియే అయినను, పిమ్మట మంచివానలు కురియగా పలు పేటల నూతులలో నీరు పైకి వచ్చెను, ఉప్పదనము తగ్గెను. చట్టము చెప్పినదానికంటె నూతిలో కనబడిన నీరు ఎక్కువగా చెప్పెను. తన నూయి నిండుట కన్నులార చూచినవాడు మరుసటి యేడు ఎవ్వరును చెప్పకయే డాబా ఊడ్పించుకొనెను.

చూడనివారి మాట వేరు. కాగితముమీద చూపుటకై జానెడు గుంట త్రవ్వి మూతవేసినవారు కలరు. ఇంకుడు గుంటలోని ఇసుకయు కంకరయు రెండు మూడేండ్లకొకమారు తీసి కడుగవలెను. లేనిచో బురదపట్టి నీరు దిగదు. తనిఖీలు ఆగెను, గుంటలు పూడెను. 2015 డిసెంబరులో ఊరు నీట మునిగెను. సరిగా నాలుగేండ్లు నిండకమునుపే, 2019 వేసవిలో, పూండి, చోళవరము, పుళల్, చెంబరంపాక్కము అను నాలుగు చెరువులును దాదాపు ఎండిపోయెను. ఆ జూలై 12వ తేదిన జోలార్‌పేటనుండి 25 లక్షల లీటర్ల నీటితో రైలుబండి విల్లివాక్కమునకు వచ్చెను. మునిగిన ఊరే ఎండిన ఊరు. వాన తక్కువయగుట ఒక్కటియే కారణము కాదు. వచ్చిన వానను నిలుపుకొనకపోవుటయు కారణమే.

ఇక వెల సంగతి. మేము ఉద్యోగకాలమంతయు కచ్చేరీలో లెక్కలు వ్రాసిన గుమాస్తాలము. పద్దు లేని ఖర్చు అదుపులో ఉండదని మాకు అనుభవము. చెన్నపురిలో బహుకాలముగా ఎక్కువ ఇండ్లకు మీటరు లేదు. ఇంటికింత అని ఒకే రుసుము. పది బిందెలు వాడినవానికిని, నూరు బిందెలు వాడినవానికిని చీటి ఒక్కటే. అపార్టుమెంటులందు ఇంకను విచిత్రము. లారీ నీటి ఖర్చును వాటాలవారందరు సమముగా పంచుకొందురు. పొదుపు చేసిన వృద్ధదంపతులకు మిగులునది లేదు. షవరు క్రింద అరగంట నిలుచువానికి తగులునది లేదు. ఇట్టి తావులలో వాటావాటాకు చిన్న మీటరు పెట్టినంతనే నీటి వాడుక తగ్గుట పలువురు చూచినదే. తగ్గించినది ధనలోభము మాత్రమే కాదు. తానెంత వాడుచున్నాడో మొదటిసారి తెలియుటయే సగము కారణము. నూతిత్రాడు చెప్పుచుండిన సంగతిని మీటరు ముల్లు చెప్పుచున్నదన్నమాట.

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌను నగరము 2018లో ఇదే మార్గమున గట్టెక్కినది. మనిషికి దినమునకు 50 లీటర్లు దాటరాదని నియమించి, నీరు నిండుకొను దినము ఎప్పుడో జనులకు ఎప్పటికప్పుడు తెలుపుచు, ఏ ఇల్లు నియమము పాటించుచున్నదో అందరికిని కనబడునట్లు చేసిరి. ఆ దినము రాకుండనే వానలు వచ్చెను. వంతు, కంటిచూపు అను మన పాత గురువులే అచ్చటను పనిచేసినవి.

మన సోదరులు స్థిరపడిన ఇతర ప్రాంతములకును ఇది వర్తించును. మహారాష్ట్రమున లాతూరునకు 2016లో మిరజ్‌నుండి రైలులో నీరు తెచ్చిరి. బెంగుళూరున 2024 మార్చిలో మంచినీటితో కారులు కడుగరాదని, తోటలకు పోయరాదని ఆజ్ఞలు వెలువడి, తప్పినవారికి 5000 రూపాయల జరిమానా విధించిరి. గౌతమీ తీరమున నున్న యానాము సయితము సముద్రపు పోటు నదిలోనికి ఎక్కు తావు. నది ప్రక్కననే ఉన్నను ఉప్పునీరు త్రాగరాదు గదా.

ఒక్క మాట నిష్కర్షగా చెప్పవలసి యున్నది. కరవు వచ్చినప్పుడెల్ల పొదుపు భారమంతయు ఆడవారిపైననే పడినది. లారీ కొరకు అర్ధరాత్రి మేలుకొన్నది వారు. బిందెలు మోసినది వారు. వాడిన నీటిని మరల వాడుటకు దాచినది వారు. మీటరు పెట్టింపవలెనా, గుంట త్రవ్వింపవలెనా, కారు ఏ నీటితో కడుగవలెనను నిర్ణయములు మాత్రము మగవారివి. మోయనివానికి బరువు తెలియదు. మగపిల్లలచేతను నాలుగు దినములు నీరు మోయించిన ఇంటిలో వేరుగా ఉపన్యాసము అక్కరలేదు.

క్రొత్త కాలపు వ్యర్థములు కొన్ని కలవు. క్షణమునకొక చుక్క కారు కుళాయి దినమునకు ఇరువది లీటర్ల వరకు పోగొట్టును. నీటిని శుద్ధిచేయు ఆర్.ఓ. యంత్రము త్రాగుటకిచ్చు నీటికంటె ఎక్కువ నీటిని బయటికి నెట్టును. దానిని బకెట్టున పట్టినచో నేల తుడుచుటకు చాలును. లాభమును అంతే సులభము. వేయి చదరపు అడుగుల డాబాపై ఒక్క సెంటిమీటరు వాన పడిన 900 లీటర్లకు మించిన నీరగును. నగరములందు మనిషికి దినమునకు 135 లీటర్లు కావలెనని ప్రభుత్వపు ప్రమాణము. అనగా ఒక్క సెంటిమీటరు వాన ఒక మనిషికి ఇంచుమించు వారము దినముల నీరు. అది మన నెత్తిమీదనే పడి మన కాలువలోనే కొట్టుకొనిపోవుచున్నది.

చరిత్రమునంతయు కూడితే తేలునది ఇంతే. భయము వానవరకు నిలుచును. శాసనము తనిఖీవరకు నిలుచును. వెల, మీటరు ఉన్నంతమేరకు పనిచేయును. కంటికి కనబడు నీరు, చేతికి తెలిసిన బరువు, పొరుగువారితో పంచుకొన్న వంతు - ఈ మూడును మాత్రము తరతరములు నిలిచినవి. పోయిన ఈ మూడింటిని మరల తెచ్చుకొనుట మన చేతిలోని పని.

కావున మన సంఘ సభ్యులకు మాదొక విన్నపము. పెరటిలో పాతనూయి ఉన్నవారు దానిని పూడ్చక, మూత తీయించి, పూడిక తీయించి, నీటిమట్టమును నెలకొకమారు గోడమీద గీత గీసి పిల్లలకు చూపుడు. ఏటేట విజయదశమి నాటికి, అనగా ఈశాన్యపు వానలకు ముందుగా, డాబా ఊడ్పించి ఇంకుడు గుంటలోని ఇసుకను కడిగింపుడు. ఆయుధపూజనాడు కత్తిని, కలమును పూజించు మనము ఆ గుంటమూతకును ఒక పసుపుబొట్టు పెట్టుట తప్పుగాదు. అపార్టుమెంటువారు వాటాకొక మీటరు కొరకు సభలో మాటయెత్తుడు. వేసవిలో సంఘము నడుపు చలివేంద్రమువద్ద దాహము తీర్చుకొనిపోవు బాటసారి మనకెంత పుణ్యమిచ్చునో, మనమొలకబోయని బిందెడు నీరు ఎచ్చటనో ఒక ఇంటికి చేరి అంత పుణ్యమునే ఇచ్చును.

కృష్ణమ్మ ఎంతో దూరము నడచి మన వాకిటికి వచ్చినది. వచ్చిన ఆడపడుచును గౌరవించి నిలుపుకొందుము గాక.